గుండీలక్క ఇంటి లిఫ్టు

ఆగమ్మకు అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. పాత కట్టడాల్లో ఎవరు ఏ మార్పు చేయాలనుకున్నా ముందుగా సలహా తీసుకోవలసిన ఆఫీసు ఒకటుంది. అందులో ఆమె సలహాదారు. ఎవరో పాత కిటికీ పీకేస్తున్నారనో, గోడ పగలగొడుతున్నారనో కబురు వస్తే చాలు, సంచి భుజాన వేసుకుని ఆదరాబాదరాగా వచ్చి, వీధి మలుపులోంచే "ఆగండి, ఆగండి!" అని కేకేసేది. పైకి లేచిన సుత్తి పైనే ఆగిపోయేది. అలా ఊరే ఆమెకు ఆ పేరు పెట్టేసింది.

ఇలాంటి ఉద్యోగం చేసేవాళ్ళ మీద జనానికి సదభిప్రాయం ఉండదు. ఎందుకుంటుంది? వానకు కప్పు కారి గిన్నెలు పెట్టుకుని కూర్చున్న ఇంటికి వచ్చి "పాత రకం పెంకులే వాడాలి" అనే మనిషిని ఎవరు కూర్చోబెట్టి మర్యాద చేస్తారు? "ఇల్లు మాది, కష్టం మాది, మధ్యలో ఈవిడ పెత్తనమేమిటి?" అని ఆమె వినేలాగే అనేవారు. నిజం చెప్పాలంటే ఆమె చాలామందికి మేలే చేసింది. ఆ సంగతి వాళ్ళకు ఆలస్యంగా తెలిసేది, తెలిశాక చెప్పడం మరిచిపోయేవారు. పంటినొప్పి గుర్తున్నట్టు, అది తగ్గిన రోజు ఎవరికి గుర్తుంటుంది?

ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని ఆమె ఏనాడూ సలహా చెప్పలేదు. ఆ కట్టడానికి వెళ్ళేది, ఓ మూల స్టూలు వేసుకుని కూర్చునేది, అక్కడివాళ్ళను రోజూ చేసే పనే చేసుకోమనేది. ఒక బేకరీ యజమాని వెలుతురు చాలడం లేదని, వీధివైపు గోడ మొత్తం తీసేసి అద్దం పెట్టాలని పట్టుబట్టాడు. ఆమె పొద్దున్నంతా కూర్చుని చూసి, "మీ బ్రెడ్డు అలమర కిటికీకి అడ్డంగా ఉందండీ. దాన్ని ఈ పక్కకి జరపండి" అంది. జరిపాడు. వెలుతురు వచ్చింది. అంత చిన్న సంగతి తనకు తట్టనందుకు ఆయన ఆమెనే తిట్టుకున్నాడు.

తన దగ్గర పని నేర్చుకునేవాళ్ళకు ఆమె ఒకటే చెప్పేది. "కాదని చెప్పడానికి మనమెందుకు? ఒక బోర్డు రాసి గోడకి తగిలిస్తే సరిపోదూ? ఎలా చేస్తే అవుతుందో చెప్పడానికే మనకి జీతం."

ఊరందరి ఇళ్ళకూ సలహా చెప్పే ఈ మనిషికి అక్క ఒకామె ఉంది. ఇక్కడి నుంచి కథ ఆ అక్కదే అనుకున్నా తప్పులేదు.

తల్లి పోయినప్పుడు ఆగమ్మ తన జడ తాను వేసుకోవడం కూడా రాని పిల్ల. పెంచింది అక్కే. పాత గిడ్డంగుల వీధిలో కింద కొట్టు, పైన ఇల్లు. కొట్టులో గుండీలు, దారపు ఉండలు, జిప్పులు, హుక్కులు. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది, అచ్చం అలాంటిదే కావాలని ఎవరొచ్చినా, మిగిలిన గుండీని బొటనవేలితో ఒకసారి తడిమి, వెనక్కి తిరిగి సరైన డబ్బా లాగేది. ఆమె ఊరందరికీ గుండీలక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళతో "చూశానమ్మా, ఏ డబ్బాలోనూ జత దొరకలేదు" అని నవ్వేసేది. చెల్లెలు అట్టముక్కల మీద గుండీల బొమ్మలు గీస్తుంటే చూసి, దీని చేతిలో ఏదో పొందిక ఉందని డ్రాయింగు స్కూల్లో వేసింది ఆమే. గుండీలు గీసిన చెయ్యి తర్వాత కిటికీలు గీసింది, ఆపైన కమానులూ దూలాలూ గీసింది, చివరికి వీధులకు వీధులే గీసింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తాము పెరిగిన వీధినే కాపాడవలసిన కట్టడాల్లో చేర్పించింది ఆగమ్మ. అందులోనూ అక్క ఇంటి మెట్లంటే ఆమెకు ప్రాణం. మందపాటి చెక్క మెట్లు, నిటారుగా లేచి మధ్యలో ఒక ఒంపు తిరుగుతాయి. తరాల చేతులు రాసుకుని రెయిలింగు నున్నగా తేలింది. ఈ మెట్లను కదిలించరాదని తన చేత్తోనే రాసింది. రాసి, సాయంత్రం వచ్చి అక్కకు గొప్పగా చెప్పింది కూడా. అక్క మహా తాపీగా "మెట్లెక్కడికి పోతాయే? పోతే మనమే పోవాలి గానీ" అంది.

చివరికి ఆ మెట్ల మీదే అక్క పడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి నుంచి ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి ఆమెను పైకి మోసుకొచ్చారు. డాక్టరు చేతికర్ర ఇచ్చి, "ఇంట్లో ఎంతైనా నడవండి. మెట్లు మాత్రం ఇక ఈ జన్మకి మరిచిపోండి" అన్నాడు. కింద ఉందామంటే కింద కొట్టు తప్ప మరేమీ లేదు. చేతులు చాపితే రెండువైపులా అలమరలు తగిలే ఇరుకు. నీళ్ళు, వంట, స్నానాల గది అన్నీ పైనే.

గుండీలక్క ఊరికే కూర్చునే రకం కాదు. కొట్టులోని డబ్బాలన్నీ పైకి తెప్పించి మంచం చుట్టూ పేర్చుకుంది. కిటికీలోంచి తాడు కట్టి బుట్ట దించడం మొదలుపెట్టింది. కింద ఎవరైనా బుట్టలో నమూనా గుండీ వేస్తే పైకి లాగి, జత వెతికి, మళ్ళీ దించేది. గాలి వీచిన రోజున బుట్ట ఊగి ఊగి పక్కకొట్టు టైలరు నెత్తిన తగిలేది. ఆయన పాపం అలవాటు పడి టోపీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు వీధికంతా వేడుకగానే ఉంది. తర్వాత వచ్చేవాళ్ళు తగ్గారు. గుండీ ఎదురుగా నిలబడి ఏరుకునే వస్తువు, ఆకాశం నుంచి దిగివచ్చేది కాదు. పైగా ఆ కొట్టుకు సగం మంది వచ్చేది గుండీల కోసం కాదు, నాలుగు మాటల కోసం. బుట్టలో మాటలు పట్టవు.

"మా ఇంటికి వచ్చెయ్ అక్కా" అని ఆగమ్మ ఎన్నోసార్లు అడిగింది. ఆమె భర్త బస్సు డ్రైవరు, మంచివాడు. "వదినగారికి ముందుగది ఖాళీ చేసి పెడతాను" అన్నాడు.

"వచ్చి ఏం చెయ్యను? మీ ఆయన చొక్కాకి గుండీలు ఊడిపోవాలని ఎదురుచూస్తూ కూర్చోనా?" అని అక్క నవ్వి మాట తప్పించేది.

తర్వాత తర్వాత ఆ నవ్వూ తగ్గింది. ఒక మధ్యాహ్నం ఆగమ్మ వెళ్ళేసరికి అక్క మంచం అంచున కూర్చుని, డబ్బాలను నాలుగేసి చొప్పున పురికొసతో కట్టలు కడుతోంది. "ఇవి టైలరుకి ఇచ్చెయ్. ఆయనకైనా పనికొస్తాయి" అంది, తల ఎత్తకుండా. కొన్ని కట్టలు అప్పటికే గోడ వారగా ఉన్నాయి. ఎన్నో ఇళ్ళు కూలడం చూసింది ఆగమ్మ. ముందుగా శబ్దం చేసి కూలే ఇల్లు ఒక్కటీ లేదు.

"అక్కా, ఆగు. లిఫ్టు పెట్టిద్దాం" అంది.

"ఎక్కడ పెట్టిస్తావే? ఈ ఇంట్లో ఏదీ కదిలించకూడదని రాసిన మహాతల్లి ఎవరో ఉందట. ముందు ఆవిడని అడుగు."

తానే ఆ మహాతల్లి. అడగడానికి కూడా వీల్లేదు. సొంత అక్క ఇల్లు కాబట్టి ఆ పని ఆమె ముట్టుకోకూడదు. పై అధికారికి చెప్పి పక్కకు తప్పుకుంది. ఆయన దాన్ని ఆగమ్మ దగ్గరే పని నేర్చుకున్న యువతికి అప్పగించాడు. ఆ అమ్మాయికి చదువుంది, చురుకుంది, పట్టుదల ఉంది. మొహమాటం ఒక్కటే లేదు. నడకా, సంచీ, స్టూలు మీద కూర్చునే తీరూ అన్నీ గురువుగారివే కావడంతో ఆఫీసులో ఆమెను చిన్నాగమ్మ అనేవారు. అది పొగడ్తో ఎగతాళో ఆగమ్మ ఎప్పుడూ తేల్చుకోలేదు.

చిన్నాగమ్మ వచ్చింది. స్టూలు వేసుకుని కూర్చుంది. గుండీలక్క మంచం నుంచి కిటికీకి, కిటికీ నుంచి పొయ్యి దగ్గరకు ఎలా నడుస్తోందో, ఎక్కడ గోడ పట్టుకుంటోందో అంతా చూసింది. ఆగమ్మ ఇంటి మనిషి హోదాలో, తాను ఆలోచించి పెట్టుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటపెట్టింది.

"మెట్లు కొద్దిగా పక్కకి జరిపితే లిఫ్టుకి చోటొస్తుంది."

"మెట్లు కదిలించకూడదు మేడం. మీరే రాశారు."

"సరే, బయట, వీధివైపు పెడితే?"

"వీధి సగం మూసుకుపోతుంది. ఫైరింజను రాదు. గొడుగుల షాపు వాళ్ళు అడిగినప్పుడు మీరే చెప్పారు."

"మెట్ల మీద పట్టాలు వేసి, కుర్చీ కదిలేలా చేయిస్తే?"

"ఈ ఇరుకులో కుర్చీ పట్టాక ఇంకో మనిషి పట్టరు. రేపేదైనా నిప్పంటుకుంటే ఎవరు పైకొచ్చి పెద్దమ్మని దించుతారు?"

మూడూ మొట్టికాయల్లా తగిలాయి. అన్నీ తాను నేర్పిన మాటలే. ఆగమ్మకు తల తిరిగిపోయి, "మనిషి కన్నా మెట్లు ఎక్కువా నీకు?" అని అరిచింది.

అరిచాక గానీ ఆ మాట ఎవరిదో ఆమెకు తెలిసిరాలేదు. ఉద్యోగంలో చేరింది మొదలు ఏదో ఒక గుమ్మంలో ఎవరో ఒకరు తనను అడుగుతూ వచ్చిన మాట అది. ప్రతిసారీ తాను నెమ్మదిగా, నిమ్మకు నీరెత్తినట్టు జవాబు చెప్పేది. అంత నెమ్మదిగా చెప్పినందుకు ఎవరూ తనను కొట్టకపోవడం వాళ్ళ మంచితనమే అని ఇవాళ అనిపించింది.

చిన్నాగమ్మ స్టూలు మీద నుంచి లేచింది. సంచిలోంచి టేపు తీసింది. "కాదని చెప్పి వెళ్ళిపోవడానికి రాలేదు మేడం. ఇల్లంతా ఒకసారి కొలుచుకోవాలి."

"నేను గీసిన ప్లాను ఆఫీసులో ఉందిగా?"

"ఉంది. మీరు ఈ ఇంట్లో పెరిగారు కాబట్టే మళ్ళీ కొలుస్తానంటున్నాను."

మంచం మీద నుంచి గుండీలక్క పెద్దగా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది. "బాగా పెంచావే దీన్ని!" అంది చెల్లెలితో.

మర్నాడు చిన్నాగమ్మ ఒక వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చింది. పెట్టెలు జరిపారు, బీరువా జరిపారు, నేల మీది చాపలు చుట్టి పక్కన పెట్టారు. గుండీలక్కను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి మంచం కూడా ఎత్తి పక్కకు పెట్టారు. మంచం కింద నేల చెక్కలు మిగతావాటికి అడ్డంగా పరిచి ఉన్నాయి. వడ్రంగి మోకాళ్ళ మీద కూర్చుని సుత్తిపిడితో తట్టాడు. శబ్దం బోలుగా వచ్చింది.

"ఇక్కడ చెక్క కొత్తదమ్మగారూ" అన్నాడు. "కొత్తదంటే, మా తాత నాటిది. మిగతాదంతా ఇంకా పాతది."

చిన్నాగమ్మ కింద కొట్టులోకి పరుగెత్తి, పైకప్పుకు కొట్టిన పలకల సందుల్లోంచి టార్చి వేసి చూసింది. మళ్ళీ పైకి వచ్చి వాసం వైపు చూసింది. సున్నం మీద సున్నం పడి ముద్దలా మారిన ఇనుప కొక్కెం ఒకటి అక్కడ వేలాడుతోంది. ఈ వీధి గిడ్డంగులుగా ఉన్న కాలంలో మూటలను కప్పీతో పైకి లాగిన దారి అది. కట్టినప్పుడే అక్కడ దూలాలు ఎడంగా వేసి చోటు వదిలారు. తర్వాత ఎవరో ఇంట్లోకి మారినప్పుడు చెక్కలు పరిచి మూసేశారు. ఆ చోటులో చిన్న లిఫ్టు పెట్టడానికి ఒక్క దూలమైనా కోయనక్కర్లేదు.

ఆగమ్మ ఆ చెక్కల వైపు వంగి చూసింది. ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా ముందు మంచాలు జరిపించే మనిషి తను. ఈ గది ప్లాను మాత్రం ఇదే మంచం మీద బాసింపట్టు వేసుకుని, అక్క ఇచ్చిన టీ తాగుతూ గీసింది. ఇల్లు తెలిసిందే కదా అనుకుంది. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికారని నవ్వుతాం గానీ, వెతకనే వెతకని తన్ను చూసి ఏమని నవ్వాలి? సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చిన్నాగమ్మ ఆ వైపు చూడకుండా టేపు చుట్టుకుంటూ కూర్చుంది. మొహమాటం లేని మనిషే అయినా మర్యాద తెలిసిన పిల్ల.

గుండీలక్క మాత్రం చేతికర్రతో ఆ చెక్కలను పొడిచి చూస్తూ, "అయితే ఇన్నేళ్ళూ కన్నం మీద పడుకున్నానన్నమాట! చెక్క విరిగి ఉంటే సరాసరి కొట్లో దిగేదాన్ని, మెట్ల గొడవే ఉండేది కాదు" అంది.

ఆ తర్వాతి పని చకచకా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. అగ్నిమాపకం వాళ్ళు చూడాలి, లిఫ్టు చేసేవాళ్ళు చూడాలి, పై అధికారి చూడాలి, చూసినవాళ్ళు ఇంకొకరికి చూపించాలి. చిన్నాగమ్మ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. లిఫ్టు తన కాళ్ళ మీద తానే నిలబడుతుంది, గోడకు ఒక్క మేకు కూడా దిగదు. ఊడదీసిన చెక్కలన్నిటికీ గుర్తులు పెట్టి అటక మీద దాచాలి. ఇదీ ఆమె వేసిన పథకం. ఆగమ్మ తప్పు వెతుకుదామని చూసింది, దొరకలేదు. అందుకు కొంచెం గర్వం, కొంచెం కోపం.

అన్నీ కుదిరాయనుకున్న సమయంలో చిన్నాగమ్మ ఆమె బల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

"అనుమతి వచ్చేస్తోంది మేడం. ఒక షరతు పెట్టాలి."

ఆ షరతేమిటో ఆగమ్మకు వినకుండానే తెలుసు. ఆ ఆఫీసులో దాన్ని మొదట రాసింది ఆమే. పాత కట్టడంలో ఒక మనిషి కోసం కొత్తగా ఏది పెట్టినా, ఆ మనిషి అవసరం తీరేవరకే అది అక్కడ ఉండాలి. తర్వాత తీసేసి కట్టడాన్ని మునుపటిలా చేయాలి. అన్యాయమైనదేమీ కాదు. అది ఉండబట్టే కాదనవలసిన ఎన్నో చోట్ల అవునని చెప్పగలిగారు. దానికి తోడు ఇంకో ఆచారమూ ఆమే పెట్టింది. ఏ షరతునైనా కాగితం మీద పెట్టేముందు ఆ ఇంటికి వెళ్ళి, ఆ మనిషి ఎదురుగా కూర్చుని, నోటితో చెప్పాలి. వాళ్ళు సరేనన్నాకే రాయాలి.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగింది చిన్నాగమ్మ.

"నీ పని. నువ్వే చెప్పాలి" అంది ఆగమ్మ. "నేను పక్కన ఉంటాను."

ఆ పూట ఆమెకు ఏ పనీ తోచలేదు. ఆ షరతును తాను ఎంతమందికి చెప్పింది! పక్షవాతం వచ్చిన గడియారాల మెకానిక్కుకి చెప్పింది. కళ్ళు పోయిన పియానో టీచరుకు చెప్పింది. అందరూ తలూపారు. ఒప్పుకున్నారనుకుని తేలిగ్గా మెట్లు దిగి వచ్చేసింది. మీరు పోయే రోజును కూడా లెక్కలో వేసుకున్నామని ఒక మనిషి మొహం మీద చెబుతున్నానని అప్పుడు తట్టనే లేదు. ఇప్పుడు అదే మాట, డబ్బాలు కట్టలు కట్టి గోడ వారగా పెట్టుకున్న అక్కతో చెప్పాలి. విన్నాక అక్క "ఎందుకే ఈ శ్రమంతా, వద్దులే" అంటుంది. అంటే అంతే. ఆమె సరేననకపోతే లిఫ్టు లేదు, కొట్టు లేదు. ముందుగదిలో మంచం వేసుకుని ఊడిపోయే గుండీల కోసం కూర్చోవడమే.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ వెళ్ళారు. చిన్నాగమ్మ స్టూలు మీద కూర్చుంది. ఎప్పుడూ లేనిది, గొంతు సవరించుకుంది.

"పెద్దమ్మా, లిఫ్టుకి అనుమతి ఇస్తున్నాం. కానీ అది శాశ్వతంగా ఉండేది కాదు. మీ అవసరం తీరేవరకే. తర్వాత తీసేసి, పాత చెక్కలే మళ్ళీ పరిచెయ్యాలి. మీరు సరేనంటేనే రాస్తాను."

"అవసరం తీరడమంటే? నా తుంటి బాగవుతుందనా?"

చిన్నాగమ్మ ఆగమ్మ వైపు చూసింది. ఆ చూపులో మొదటిసారిగా భయం ఉంది. ఆగమ్మ అక్క పక్కన మంచం మీద కూర్చుంది.

"కాదక్కా" అంది. "నువ్వు లేని రోజున అని."

కింద వీధిలో టైలరు మిషను ఆగి ఆగి కుడుతోంది. గుండీలక్క చీర చెంగు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"అంటే" అంది చివరికి, "నేనున్నంతకాలం దాన్ని ఎవరూ తీయకూడదన్నమాట."

"తీయకూడదండీ."

"ఇల్లు ఇంకెవరైనా కొనుక్కున్నా?"

"మీరుండగా తీయకూడదు."

"మీ పై ఆఫీసరొచ్చి తీసెయ్యమన్నా?"

"అన్నా సరే."

"ఇదుగో, ఇది చెప్పినా?" అంటూ చేతికర్రతో చెల్లెల్ని చూపించింది.

"మేడం చెప్పినా కుదరదు" అంది చిన్నాగమ్మ.

"అయితే గట్టిగా రాయి, అమ్మాయీ. చెరిగిపోని సిరాతో రాయి." గుండీలక్క చేతికర్ర కిందికి దించింది. "పడినప్పటి నుంచీ చూస్తున్నాను. డాక్టరు కనబడితే ఎలా ఉన్నావని అడగడు, ఎక్కడికి మారుతున్నావంటాడు. టైలరు వస్తే ఈ డబ్బాలు ఎవరికిస్తావంటాడు. అందరూ నన్ను సాగనంపేవాళ్ళే. ఇక్కడ ఈవిడ ఉంటుంది, ఈవిడ ఉన్నంతసేపూ ఎవరూ జోక్యం చేసుకోకండి అని రాసినదానివి నువ్వొక్కదానివే."

ఆగమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలని అనుకోనూ లేదు. "నేనూ నిన్ను సాగనంపాననే అనుకుంటున్నావా అక్కా?"

"నువ్వు రమ్మన్నప్పుడల్లా, ఇక్కడ నా పని అయిపోయిందనే వినబడేది" అంది అక్క. "ప్రేమగానే అన్నావులే. అయినా అలాగే వినబడేది. అందుకే ఆ కట్టలు కట్టాను." ఆపైన చెల్లెలి తల మీద చెయ్యి వేసి, చిన్నప్పుడు జడ వేసే ముందు నిమిరినట్టు నిమిరి, "ఇంక ఏడుపు ఆపి ఆ పురికొసలు విప్పు. ఏ డబ్బాలో ఏముందో నాకే తెలియకుండా పోతోంది" అంది.

చిన్నాగమ్మ కూడా స్టూలు దిగి విప్పింది. ముడులన్నీ గట్టి ముడులే; గుండీలక్క ఏ పనీ వదులుగా చేయదు. విప్పేసరికి ముగ్గురి గోళ్ళూ నొప్పెట్టాయి.

వానాకాలం వెళ్ళాక లిఫ్టు వచ్చింది. టెలిఫోను బూత్‌ కన్నా కొంచెం పెద్దది, అంతే. అందులో గుండీలక్క, ఆమె చేతికర్ర, ఒక డబ్బాల బుట్ట పడతాయి. ఎవరో రిబ్బను కడదామన్నారు. "కొట్లో రిబ్బను మీటరు లెక్కన అమ్ముతాను, వృథా చెయ్యకండి" అని ఆమె ఒప్పుకోలేదు. తలుపు మూసుకుంది. గుర్రుమంటూ లిఫ్టు దిగడం మొదలైంది. పక్కన నిలబడి చూస్తున్న ఆగమ్మకు అక్క భుజాలు, మెడ, నెరిసిన తల ఒక్కొక్కటే నేల కిందికి వెళ్ళిపోతుంటే 'నువ్వు లేని రోజున' అని తాను అన్న మాట గుర్తొచ్చింది. కిందికి వంగి చూడాలనిపించింది, చూడలేకపోయింది.

లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకున్న శబ్దం. చేతికర్ర టకటకమంటూ కొట్టు దాటింది, షట్టరు గరగరమంటూ పైకి లేచింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

"ఏమే!" అని వీధి నడిమధ్య నుంచి అక్క కేక వినబడింది. "అందరూ ఇక్కడుంటే నీకు పైన ఏం పని? దిగిరా, కొట్టు ఊడవాలి!"

"వస్తున్నానక్కా!" అంటూ ఆగమ్మ మెట్ల వైపు పరుగెత్తింది.